తాఖత్ అనే ఒక్క మాటలో నాలుగు లెక్కలు

మన ఇళ్లలో "తాఖత్" అన్న మాట చాలా చోట్ల పనికొస్తుంది. పాయాలో తాఖత్ ఉందంటాం. కొత్త మోటార్‌సైకిల్‌లో తాఖత్ ఉందంటాం. పెహల్వాన్ చేతిలో తాఖత్, క్రికెట్ బంతిలో తాఖత్, ఇన్వర్టర్‌లో తాఖత్. ఎదుటివాళ్లకు మత్లబ్ అర్థమైపోతుంది, బాత్ ఖతమ్. కానీ అదే ఇంట్లో పెరిగిన బచ్చా తొమ్మిదో తరగతి ఫిజిక్స్ కితాబ్ తెరిచేసరికి ఆ ఒక్క మాట నాలుగు ముక్కలైపోయి ఉంటుంది: బలం, ద్రవ్యవేగం, శక్తి, సామర్థ్యం. ఇంగ్లిష్ మీడియమైతే ఫోర్స్, మొమెంటమ్, ఎనర్జీ, పవర్.

నేను హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఏటా ఇదే మలుపులో బండి ఆగుతుంది. సూత్రాలు కంఠస్తం అవుతాయి, లెక్కలు కూడా వస్తాయి. "బేటా, ద్రవ్యవేగానికీ గతిజశక్తికీ ఫర్ఖ్ ఏమిటి?" అని అడిగితే మాత్రం ఖామోషీ. అమ్మీ-అబ్బాలు "మావాడికి దిమాగ్ లేదు సార్" అని దిగులు పడతారు. ఆ దిగులు అక్కర్లేదు. ఈ ఫర్ఖ్ దగ్గర యూరప్‌లోని పెద్ద పెద్ద ఆలిమ్‌లు దశాబ్దాల పాటు బహస్ చేసుకున్నారు. వాళ్లకు వందల ఏళ్ల ముందు బుఖారా, బగ్దాద్ వైపు మనుషులూ ఇదే సవాల్‌తో కుస్తీ పట్టారు. ఆ దాస్తాన్ తెలిస్తే పిల్లవాడికి సూత్రం వెనక ఉన్న సవాల్ కనిపిస్తుంది. సవాల్ కనిపిస్తే జవాబ్ గుర్తుంటుంది.

రాయి చేతిని వదిలాక

సవాల్ చాలా సాదా. చేత్తో రాయి విసిరాం. చెయ్యి వదిలేశాక కూడా అది ఎందుకు పోతూనే ఉంది? దాన్ని ఎవరు తోస్తున్నారు? యూనాన్ హకీమ్ అరిస్టాటిల్, మన కితాబుల్లో అరస్తూ, చుట్టూ ఉన్న గాలే తోస్తోందన్నాడు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో జాన్ ఫిలోపొనస్ దాన్ని ఒప్పుకోలేదు. అరబ్బీ కితాబులు ఈయన్ని యహ్యా అన్నహ్వీ అంటాయి. విసిరేవాడే రాయిలో ఏదో ఒక ఖువ్వత్‌ని పెడతాడనీ, అది ఖర్చయ్యేదాకా రాయి పోతుందనీ ఈయన ఖయాల్.

ఇక్కడికి ఇబ్న్ సీనా (980–1037) వస్తాడు. మనలో చాలామందికి ఆయన హకీమ్‌గానే తెలుసు. కానీ ఆయన "కితాబుష్షిఫా" వైద్యం కితాబ్ కాదు. మంతిఖ్, హర్కత్, గణితం, ఫల్సఫా అన్నీ కలిసిన పెద్ద గ్రంథం. విసిరిన వస్తువులోకి విసిరేవాడి నుంచి "మైల్" చేరుతుందని ఆయన అందులో రాశాడు. ఇది దూరం కొలిచే మైలు కాదు. ఉర్దూలో "మైలాన్" అంటాం చూడండి, ఒక వైపు మొగ్గు, ఆ మాట. ఈ మైల్ తనంతట తాను అరిగిపోదు, గాలిలాంటి అడ్డంకులు దాన్ని తగ్గిస్తాయి. మరి అడ్డంకే లేని ఖాళీ చోటు ఉంటే? అక్కడ వస్తువు ఆగకుండా పోతూనే ఉండాలి.

ఈ వాక్యం దగ్గరే మన వాట్సాప్ మెసేజ్‌లు ఆగిపోతాయి. "న్యూటన్ నియమాన్ని 600 ఏళ్ల ముందే ఇబ్న్ సీనా చెప్పేశాడు, షేర్ చేయండి" అని నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది. ఇల్మ్ ఒక అమానత్. ఉన్నది దాచకూడదు, లేనిది చేర్చకూడదు. ఇబ్న్ సీనా ఆ మాటను జడత్వ నియమంగా చెప్పలేదు. ఆగకుండా పోయే వస్తువును ఎవరూ చూడలేదు కాబట్టి ఖాళీ చోటు అనేదే అసాధ్యమని వాదించడానికి చెప్పాడు. దారి సరైనదే, చేరిన ఊరు వేరు. అయినా ఆ దారి చిన్నది కాదు. హర్కత్‌ను గాలి చేతిలోంచి తీసి వస్తువులోనే పెట్టి చూడటం ఎంతో పెద్ద అడుగు.

తర్వాతి శతాబ్దంలో బగ్దాద్‌కు చెందిన అబుల్ బరకాత్ "కితాబుల్ ముఅతబర్" రాశాడు. యూదుడిగా పుట్టి ముసలితనంలో ఇస్లాం స్వీకరించిన తబీబ్ ఈయన. మైల్ తనంతట తానే ఖర్చవుతుందని ఇబ్న్ సీనాతో ఇఖ్తిలాఫ్ చేశాడు. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పాడు: కింద పడే వస్తువులో మైల్ మీద మైల్ చేరుతూ పోతుంది, అందుకే దాని వేగం పెరుగుతూ పోతుంది.

పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో జాన్ బురిదాన్ ఇలాంటి ఖయాల్‌కే "ఇంపెటస్" అని పేరు పెట్టాడు. బగ్దాద్ ఖయాల్ ఆయన దాకా ఏ దారిన, ఎంత చేరిందనే దాని మీద చరిత్రకారుల్లో ఇంకా బహస్ నడుస్తోంది. బురిదాన్ చేర్చిన కొత్త సంగతి మాత్రం స్పష్టం: వస్తువులో పదార్థం ఎంత ఎక్కువుంటే, వేగం ఎంత ఎక్కువుంటే, ఇంపెటస్ అంత ఎక్కువ. పదార్థం, వేగం ఒకే మాటలో కలిశాయి. పిల్లల కితాబ్‌లో ఉన్న ద్రవ్యరాశి × వేగం అన్న ముక్కకు ఇది దగ్గరి చుట్టం.

దేకార్త్ ఖాయిదా, హైగెన్స్ పడవ

1644లో ఫ్రెంచ్ ఫల్సఫీ దేకార్త్ ఒక పెద్ద దావా చేశాడు. ఖుదా సృష్టి మొదట్లో ఎంత హర్కత్ ఇచ్చాడో, లోకంలో మొత్తం అంతే ఉంటుంది, తగ్గదు, పెరగదు. ఆ హర్కత్ కొలత వస్తువు పరిమాణం × వేగం. ఈ ఖయాల్ మీద నిలబడి, రెండు వస్తువులు ఢీకొంటే ఏమవుతుందో ఏడు ఖాయిదాలు రాశాడు. వాటిలో ఎక్కువ భాగం తప్పు. నాలుగోది చూడండి: కదలకుండా ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వేగంగా వచ్చి కొట్టినా కదపలేదు!

ఇంట్లో కేరమ్ బోర్డు ఉందా? స్ట్రైకర్‌ను మధ్యలో పెట్టి, దాని మీదికి ఒక చిన్న గోటీని గట్టిగా కొట్టండి. స్ట్రైకర్ కదులుతుంది. దేకార్త్ ఖాయిదా మీ బోర్డు మీదే ఓడిపోతుంది. ఆయన లెక్కలో ఇంకో కమీ కూడా ఉంది. వేగాన్ని తీసుకున్నాడు కానీ దిశను లెక్కలో కలపలేదు. ఎడమకు పోయే హర్కత్‌ను, కుడికి పోయే హర్కత్‌ను ఒకే ఖాతాలో జమ వేశాడు. వాటిలో ఒకటి జమ అయితే రెండోది ఖర్చు.

ఈ హిసాబ్‌ను సరిచేసినవాడు హాలండ్‌కు చెందిన క్రిస్టియన్ హైగెన్స్. ఆయన దలీల్ నాకెంతో ఇష్టం. కాలువలో మెల్లగా పోయే పడవలో ఒక మనిషి నిలబడ్డాడు. చేతుల్లో రెండు దారాలకు రెండు ఒకేలాంటి గట్టి గుండ్లు. రెంటినీ సమాన వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించాడు. రెండూ అదే వేగంతో వెనక్కి పోయాయి. ఇప్పుడు ఒడ్డున నిలబడ్డవాడి కళ్లతో చూడండి. గుండ్ల వేగమూ పడవ వేగమూ ఒకటే అయితే, ఒడ్డువాడికి ఒక గుండు నిలిచి ఉన్నట్టు, రెండోది రెట్టింపు వేగంతో వచ్చి దాన్ని కొట్టినట్టు కనిపిస్తుంది. కొట్టింది ఆగిపోతుంది, ఆగి ఉన్నది అదే రెట్టింపు వేగంతో పోతుంది. గోలీలాటలో, కేరమ్‌లో సూటిగా తగిలినప్పుడు మనం చూసేది ఇదే. ఒకే తసాదుమ్, చూసేచోట్లు రెండు.

1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ తసాదుమ్ ఖాయిదాలు తేల్చమని విద్వాంసులను అడిగింది. జాన్ వాలిస్, క్రిస్టఫర్ రెన్, హైగెన్స్ ముగ్గురూ జవాబులు పంపారు. 1669 నాటికి అవి అచ్చయ్యాయి. దిశను కలుపుకుని లెక్కేస్తే, ఢీకొనక ముందు మొత్తం ద్రవ్యవేగం ఎంతో ఢీకొన్నాక కూడా అంతే. అంటుకుపోయే మెత్తటి ముద్దలైనా, ఎగిరిపడే గట్టి గుండ్లైనా ఇది మారదు.

న్యూటన్ 1687లో వెలువడిన "ప్రిన్సిపియా"లో తాడుకు వేలాడే గుండ్లతో చేసిన తజ్రిబాలు రాశాడు. గాజు గుండ్లు 16 వంతుల వేగంతో దగ్గరకొస్తే 15 వంతుల వేగంతో విడిపోయాయి. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలు 9 వంతులతో వస్తే 5 వంతులతో విడిపోయాయి. ఉన్ని ఉండల వేగం అంత తగ్గినా మొత్తం ద్రవ్యవేగం మాత్రం హిసాబ్ తప్పలేదు. మరి తగ్గిందేమిటి? రెండో మాట పుట్టాల్సింది ఇక్కడే.

ఒకటి నాలుగైనప్పుడు

1686లో జర్మన్ ఆలిమ్ లైబ్నిజ్ ఒక చిన్న వ్యాసంతో పెద్ద ఝగ్డా మొదలుపెట్టాడు. ఆయన మిసాల్‌ను మన కొలతల్లో చెబుతాను. ఒక కిలో రాయిని 4 మీటర్లు ఎత్తాలంటే ఎంత మేహనత్ కావాలో, 4 కిలోల రాయిని ఒక మీటరు ఎత్తడానికీ అంతే కావాలి. ఇప్పుడు రెండింటినీ వదిలేయండి. కింద తాకేటప్పుడు మొదటి రాయి వేగం రెండోదానికి రెట్టింపు ఉంటుంది, నాలుగు రెట్లు కాదు. ఇది గెలీలియో అప్పటికే చూపించిన సంగతి.

ద్రవ్యరాశి × వేగం లెక్కేస్తే మొదటిది 1 × 2 = 2, రెండోది 4 × 1 = 4. సమానం కాదు. ద్రవ్యరాశి × వేగం × వేగం లెక్కేస్తే మొదటిది 1 × 2 × 2 = 4, రెండోది 4 × 1 × 1 = 4. బరాబర్! కాబట్టి అసలు ఖువ్వత్‌కు కొలత వేగం వర్గమేనన్నాడు లైబ్నిజ్. దానికి లాటిన్‌లో "విస్ వివా" అని పేరు, అంటే జిందా ఖువ్వత్. దేకార్త్ షాగిర్దులు మండిపడ్డారు. తర్వాత న్యూటన్ వైపువాళ్లూ బరిలోకి దిగారు. బహస్ దశాబ్దాలు సాగింది.

తజ్రిబా చేసి చూసినవాడు లైడెన్ ప్రొఫెసర్ స్‌గ్రావెసాండే. న్యూటన్ అభిమాని. 1720ల్లో ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టిలోకి జారవిడిచాడు. వేగం రెట్టింపైతే మట్టిలో గుంట రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లైంది. చూశాక తన పక్షం వదిలి ఎదుటి పక్షం మాట ఒప్పుకున్నాడు. సచ్ ముందు తల వంచడానికి హిమ్మత్ కావాలి.

ఈ మట్టి తజ్రిబాను తన కితాబ్‌తో అందరి ముందుకు తెచ్చినవారిలో ఒక ఖాతూన్ ఉంది, ఎమిలీ ద్యు షాత్లే. ఆడపిల్లకు అకాడమీలో కుర్చీ దొరకని జమానా అది. 1740లో ఆమె రాసిన ఫిజిక్స్ కితాబ్ వెలువడింది. అందులో ఆమె లైబ్నిజ్ లెక్కను సమర్థించింది. ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ సెక్రటరీ మైరాన్ ఎదురు వాదిస్తే అచ్చులోనే జవాబిచ్చింది. న్యూటన్ ప్రిన్సిపియాను ఫ్రెంచ్‌లోకి తర్జుమా చేసింది. 1749లో కాన్పైన కొద్దిరోజులకే చనిపోయింది. పూర్తి తర్జుమా 1759లో బయటికొచ్చింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీల బచ్చియాఁ నిటారుగా కూర్చోవడం నేను చూస్తుంటాను.

ఇద్దరూ కరెక్టే, సవాళ్లే వేరు

మరి గెలిచిందెవరు? మన సడక్ మీదికి వద్దాం. ప్యాసింజర్లతో కలిపి 800 కిలోల ఆటో సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతోంది, అంటే గంటకు 18 కిలోమీటర్లు. మనిషితో కలిపి 200 కిలోల బైక్ సెకనుకు 20 మీటర్లతో పోతోంది, గంటకు 72. రెండింటి ద్రవ్యవేగం ఒకటే: 4,000. గతిజశక్తి మాత్రం ఆటోకు 10,000 జౌళ్లు, బైక్‌కు 40,000 జౌళ్లు.

రెండింటి మీదా 1,000 న్యూటన్ల బ్రేక్ బలం పడిందనుకోండి. ఆటో 4 సెకన్లలో ఆగుతుంది. బైక్ కూడా 4 సెకన్లలోనే ఆగుతుంది. కానీ ఆ 4 సెకన్లలో ఆటో 10 మీటర్లు పోతుంది, బైక్ 40 మీటర్లు పోతుంది.

ఝగ్డా మొత్తం ఈ రెండు వాక్యాల్లో తీరిపోతుంది. "ఎంత సేపట్లో ఆగుతుంది?" అని అడిగితే జవాబ్ ద్రవ్యవేగం ఇస్తుంది, ఎందుకంటే అది బలం × కాలం లెక్క. "ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడిగితే జవాబ్ గతిజశక్తి ఇస్తుంది, ఎందుకంటే అది బలం × దూరం లెక్క. దేకార్త్ వారసులు, లైబ్నిజ్ వారసులు రెండు వేర్వేరు సవాళ్లకు జవాబులు పట్టుకుని, రెండింటికీ "ఖువ్వత్" అనే ఒకే పేరు పెట్టి కొట్లాడుకున్నారు. ఇందులో చాలా భాగం మాటల తగాదానేనని 1743లోనే దాలంబేర్ అనే ఫ్రెంచ్ గణితవేత్త రాశాడు.

ఈ లెక్కను నేను బోర్డు మీద ఒకటికి రెండుసార్లు వేస్తాను. రాత్రి నమాజ్ అయ్యాక బైకులెక్కి ఖాళీ రోడ్ల మీద రేసులు పెట్టే పిల్లలు మన మొహల్లాల్లో ఉన్నారు. వేగం రెట్టింపు చేస్తే ఆగడానికి కావాల్సిన దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. వేగం వర్గం అంటే పరీక్షలో రెండు మార్కులు మాత్రమే కాదని వాళ్లకు తెలియాలి.

న్యూటన్ ఉన్ని ఉండల్లో తగ్గిందేమిటన్న సవాల్‌కు పూర్తి జవాబ్ 1840ల్లో వచ్చింది. నీళ్లలో తెడ్లు తిప్పితే నీళ్లు ఎంత వేడెక్కుతాయో మాంచెస్టర్‌లో జౌల్ కొలిచాడు. పోయిందనుకున్న శక్తి పోలేదు, వేడిగా మారింది. ఢీకొన్న కార్ల నుజ్జయిన రేకుల్లో, ధడేల్‌మన్న చప్పుడులో, వేడిలో అది ఉంటుంది. ద్రవ్యవేగానికి ఇలా వేషం మార్చుకునే దారి లేదు. అందుకే ప్రతి తసాదుమ్‌లో మొత్తం ద్రవ్యవేగం నిలుస్తుంది, గతిజశక్తి మాత్రం గట్టి గుండ్ల తసాదుమ్‌లోనే దాదాపుగా నిలుస్తుంది.

పనికీ మేహనత్‌కూ ఫర్ఖ్

పని, సామర్థ్యం అన్న మాటలు కార్ఖానాల నుంచి వచ్చాయి. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం కొనేవాళ్లకు అది ఎన్ని గుర్రాలకు సమానమో చెప్పాల్సి వచ్చింది. అలా పుట్టిన హార్స్‌పవర్ నేటి లెక్కలో సుమారు 746 వాట్లు. బడి పిల్లలకు విద్యుదావేశాల నియమంతో తెలిసిన కూలుంబ్ కూడా, కూలీలు రోజంతా ఎంత పని చేయగలరో పరిశీలించి రాశాడు. 1829లో ఫ్రెంచ్ ఇంజనీర్ కొరియోలిస్ బలం × దూరానికి "పని" అనే పేరు స్థిరపరిచాడు. లైబ్నిజ్ లెక్కలో సగం తీసుకుంటే అది సరిగ్గా పనికి సమానమవుతుందని చూపాడు. మన సూత్రంలోని ఆ "సగం" అక్కణ్ణుంచి వచ్చింది.

20 కిలోల బియ్యం సంచీని 6 మీటర్ల ఎత్తున్న మేడకు చేర్చాలంటే సంచీ మీద జరిగే పని దాదాపు 1,200 జౌళ్లు. అన్న 20 సెకన్లలో చేర్చాడు, తమ్ముడు 60 సెకన్లలో చేర్చాడు. పని ఒకటే. అన్న సామర్థ్యం 60 వాట్లు, తమ్ముడిది 20. పవర్ అంటే పని ఎంత అని కాదు, ఎంత జల్దీ అని.

ఒకసారి ఒక పిల్లవాడు లేచి అడిగాడు. వాళ్ల అబ్బా హమాలీ. "సార్, బస్తా నెత్తిన పెట్టుకుని చదునైన రోడ్డు మీద నడిస్తే పని సున్నా అని కితాబ్‌లో ఉంది. మా అబ్బా సాయంత్రానికి ఎందుకు అలసిపోతున్నాడు మరి?" క్లాస్ నవ్వింది, వాడు నవ్వలేదు. ఇది అసలైన సవాల్. నేను చెప్పింది ఇది: కితాబ్ లెక్కించేది బస్తా మీద జరిగిన పని. 50 కిలోల బస్తాను మీటరున్నర ఎత్తి నెత్తిన పెట్టినప్పుడు దాదాపు 750 జౌళ్ల పని జరిగింది. తర్వాత బలం నిట్టనిలువుగా ఉంది, నడక అడ్డంగా ఉంది, కాబట్టి ఆ బలం చేసిన పని సున్నా. కానీ మీ అబ్బా కండరాలు బస్తాను నిలిపి ఉంచడానికి క్షణక్షణం బిగుస్తూ ఉంటాయి. అడుగు అడుగుకీ ఒళ్లు కాస్త లేస్తుంది, దిగుతుంది. తిన్న రొట్టె శక్తి ఖర్చై వేడిగా, చెమటగా పోతుంది. ఫిజిక్స్‌లో "పని" ఒక ఇస్తిలాహ్, అంటే పారిభాషిక పదం. అది మీ అబ్బా మేహనత్ విలువను కొలిచేది కాదు. వాడు కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత "పని" లెక్కల్లో ఎవరూ దిశ మరిచిపోలేదు.

హైదరాబాద్ వేసిన నాలుగు పేర్లు

ఇస్తిలాహ్ అన్న మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే హైదరాబాద్ అమీర్ నవాబ్ షమ్సుల్ ఉమరా ఇంగ్లిష్ సైన్స్ కితాబులను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ప్రెస్‌లో అచ్చు వేయించాడు. అందులో యంత్రశాస్త్రానికి పాత పేరు "జర్రె సఖీల్", అంటే బరువులను లాగడం. పేరులోనే బలమూ ఉంది, దూరమూ ఉంది.

1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలయ్యాయి. పై చదువుల సైన్స్ మొత్తం ఉర్దూలో చెప్పాలని ఫైసలా. ఒక్కో ఇంగ్లిష్ మాటకు ఏం పెట్టాలో సైన్స్ తెలిసినవాళ్లు, జబాన్ తెలిసినవాళ్లు కలిసి కూర్చుని బహస్ చేసేవారు. మౌల్వీ వహీదుద్దీన్ సలీమ్ "వజె ఇస్తిలాహాత్" అని ఈ హునర్ మీదే ఒక కితాబ్ రాశాడు. ఉర్దూ సైన్స్ కితాబుల్లో ఫోర్స్‌కు ఖువ్వత్, ఎనర్జీకి తవానాయీ, పవర్‌కు తాఖత్, మొమెంటమ్‌కు మెయారె హర్కత్ అని చదువుతాం. మెయారె హర్కత్ అంటే హర్కత్ కొలత. న్యూటన్ లాటిన్‌లో వాడిన మాటకు అర్థం కూడా దాదాపు ఇదే. తెలుగు ద్రవ్యవేగం ఇంకో అందం, పేరులోనే సూత్రం ఉంది. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. ఆ మాటలు అల్మారాల్లో ఉండిపోయాయి. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మోస్తున్నారు. మూడు జబాన్లు బరువు కాదు, దౌలత్. ఒకే సంగతిని మూడు పేర్లతో పిలిస్తే దాని మూడు ముఖాలు కనిపిస్తాయి.

కాబట్టి అమ్మీ-అబ్బాలకు నా గుజారిష్ ఇది. పరీక్షల ముందు సూత్రాలు అప్పజెప్పించుకోకండి. కేరమ్ బోర్డు తీయండి. గోటీ ఆగితే దాని హర్కత్ ఎక్కడికి పోయిందో అడగండి. మెత్తటి పిండిముద్దను నేలకు కొడితే ఎగరలేదెందుకో అడగండి. మెట్లు మెల్లగా ఎక్కినా, పరుగెత్తి ఎక్కినా ఏది మారింది, ఏది మారలేదో అడగండి. "తాఖత్" అని జవాబొస్తే ఒప్పుకోకండి. "నాలుగింట్లో ఏది బేటా?" అని మళ్లీ అడగండి. ఇబ్న్ సీనా మనవాడని పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆయన వదిలివెళ్లిన అసలు విరాసత్ సవాల్ అడగడమే. అది అడిగే పిల్లలకే దక్కుతుంది.